పరిశోధన ఫలితం రోగి మంచం దాకా రావాలంటే

సంపాదకుల వారికి నమస్కారం.

రోడ్డు ప్రమాదాలు ఏడాది పొడవునా. పత్తికీ మిర్చికీ మందు కొట్టే రోజులొస్తే పురుగుమందు కేసులు. వానలు పడి పొలం పనులు ఊపందుకుంటే పాముకాట్లు. విజయవాడ, గుంటూరు క్యాజువాల్టీల్లో పని చాలావరకు ఇదే. వీటికి ఏ మందు, ఎంత, ఎన్ని నిమిషాల్లో ఇస్తే మనిషి నిలబడతాడన్నది వేలమంది రోగుల మీద చేసిన పరిశోధనల్లో చాలావరకు తేలిపోయింది. తేలిన సంగతి రోగి మంచం దాకా రావడానికి మాత్రం ఏళ్లు పడుతోంది. డాక్టర్లకు చదువు తక్కువై ఇలా జరగడం లేదు. తెలిసిన విషయం తలలోనే ఉండిపోతోంది, ట్రేలోకీ కేస్ షీటులోకీ గోడ మీదికీ దిగడం లేదు. మా ఉద్దేశంలో అసలు లోపం ఇదే. ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా ఇదే.

ముందు రక్తస్రావం సంగతి. 2010లో వెలువడిన క్రాష్-2 పరిశోధనలో 40 దేశాల్లోని 274 ఆస్పత్రుల నుంచి 20,211 మంది క్షతగాత్రులు ఉన్నారు. ఏ ఒక్క దేశంతో పోల్చినా అందులో మన దేశం వాళ్లే ఎక్కువ. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ (టీఎక్స్ఏ) అనే మందు ఇచ్చిన గుంపులో 14.5 శాతం మంది, ఇవ్వని గుంపులో 16 శాతం మంది చనిపోయారు. చూడ్డానికి తేడా చిన్నదిగానే ఉంటుంది. లెక్క కడితే సుమారు 67 మందికి ఇస్తే ఒక ప్రాణం నిలబడినట్టు. ఇది ఖరీదైన మందు కాదు. 2011లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్షతగాత్రుల కోసం దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

అయితే ఈ మందు గడియారానికి కట్టుబడి పనిచేస్తుంది. గంటలోపు ఇచ్చినవారిలో రక్తస్రావంతో చనిపోయినవారు 5.3 శాతం, ఇవ్వనివారిలో 7.7 శాతం. మూడు గంటలు దాటాక ఇస్తే లెక్క తిరగబడింది: ఇచ్చినవారిలో 4.4, ఇవ్వనివారిలో 3.1. అంటే ఆలస్యంగా ఇస్తే మేలు జరగకపోవడమే కాదు, కీడు జరిగే ప్రమాదమూ ఉంది. ప్రమాదాల్లో గాయపడినవారినీ కాన్పు తర్వాత రక్తస్రావం అయిన తల్లులనూ కలిపి 40,138 మంది వివరాలను 2018లో మళ్లీ లెక్క చూస్తే, ప్రతి 15 నిమిషాల ఆలస్యానికీ మందు వల్ల కలిగే మేలు సుమారు పదో వంతు తరిగిపోతోందని తేలింది.

కాజ టోల్‌ప్లాజా దగ్గర ప్రమాదం జరిగిందనుకుందాం. అక్కడి నుంచి గుంటూరూ దూరం కాదు, విజయవాడా దూరం కాదు. మూడు గంటలు రోడ్డు మీద పోవు. మొదట చేర్చిన ఆస్పత్రిలో పోలీసు కేసు కాగితం (ఎంఎల్‌సీ) రాసేటప్పుడు కొంత పోతుంది. స్కానింగ్‌కి తీసుకెళ్లి తెచ్చేటప్పుడు కొంత పోతుంది. ‘ఇక్కడ కాదు, పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి’ అని రిఫర్ చేశాక ఇంకొంత పోతుంది. ప్రతి చోటా మళ్లీ మొదటి నుంచి చూడటం మొదలవుతుంది. ఈలోగా ఆ మందు గైనిక్ వార్డు అల్మారాలో ఉండి, క్యాజువాల్టీ ట్రేలో లేకపోతే, రోగి బంధువు చేతికి చీటీ ఇచ్చి బయటి మెడికల్ షాపుకు పంపడమే గతి. దేశాలన్నీ కలిసి తేల్చిన సంగతి ఆ చీటీ దగ్గర ఆగిపోతుంది.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. పెద్దవారిలో ఒంటి నుంచి బాగా రక్తం పోతున్నా, పోయే ప్రమాదం కనిపిస్తున్నా, పై బీపీ 90 కంటే తగ్గినా, నాడి 110 దాటినా ఆలోచించాల్సిన మందు ఇది. సాధారణంగా ఒక యాంప్యూల్‌లో 5 మి.లీ., అందులో 500 మి.గ్రా. ఉంటుంది. రెండు యాంప్యూల్స్‌ను 100 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కలిపి 10 నిమిషాల్లో ఎక్కించాలి. సిరంజితో ఒక్కసారిగా నెట్టేస్తే బీపీ పడిపోవచ్చు. తర్వాత ఇంకో 1 గ్రామును 500 మి.లీ. సెలైన్‌లో కలిపి 8 గంటలపాటు ఇవ్వాలి. పంపు లేకపోతే, 20 చుక్కలు ఒక మి.లీ. అయ్యే సెట్టుతో నిమిషానికి 21 చుక్కలు. ఎక్కువగా తప్పిపోయేది ఈ రెండో డోసే. మొదటిది ఒక ఆస్పత్రిలో పడుతుంది, రోగి ఇంకో ఆస్పత్రికి వెళ్తాడు, రిఫరల్ చీటీ మీద ‘టీఎక్స్ఏ ఇచ్చాం’ అని ఉంటుంది, ఏ సమయానికి ఇచ్చారో ఉండదు. అక్కడివారు మళ్లీ మొదటి డోసు ఇవ్వాలా, రెండోది మొదలుపెట్టాలా అని తేల్చుకోలేక రెండూ మానేస్తారు. రిఫరల్ చీటీ మీద రెండు సమయాలు రాస్తే చాలు: ప్రమాదం జరిగింది ఎప్పుడు, మొదటి డోసు మొదలైంది ఎప్పుడు. ప్రమాదం సమయం తెలియకపోతే 108 సిబ్బందికి కాల్ వచ్చిన సమయమైనా రాయాలి.

పురుగుమందు కేసుల దగ్గర ఇంకాస్త వివరంగా చెప్పాలి. మన పల్లెలు ఎక్కువగా నష్టపోతున్నది ఇక్కడే. క్రమపద్ధతిలో చేస్తే ఎక్కువమందిని బతికించుకోగలిగేదీ ఇక్కడే. ఆర్గనోఫాస్ఫరస్ రకం పురుగుమందు ఒంట్లోకి వెళ్తే ఊపిరితిత్తుల నిండా నీరు చేరుతుంది, నోటి నుంచి నురగ వస్తుంది, చెమటలు కారతాయి, నాడి నెమ్మదిస్తుంది, కంటిపాపలు సూదిమొనంత అవుతాయి. వీటికి విరుగుడు అట్రోపిన్. ఆ సంగతి తెలియని డాక్టరు లేడు. తేడా వచ్చేది ఇచ్చే తీరులో.

2012లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒక పరిశోధనలో 156 మంది రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు పాత పద్ధతిలో, 10 నుంచి 15 నిమిషాలకోసారి ఒకే మోతాదు అట్రోపిన్ ఇచ్చారు. రెండో గుంపుకు డోసు పెంచుకుంటూ పోయి, లక్షణాలు అదుపులోకి వచ్చాక పంపు ద్వారా కొనసాగించారు. పాత పద్ధతిలో అదుపులోకి రావడానికి సగటున 152 నిమిషాలు పట్టింది, కొత్త పద్ధతిలో 24 నిమిషాలు. మరణాలు పాత పద్ధతిలో 22.5 శాతం, కొత్త పద్ధతిలో 8 శాతం. కొత్త యంత్రం కొనలేదు, కొత్త మందు వాడలేదు. అదే మందు, అదే యాంప్యూల్. మారింది లెక్క ఒక్కటే.

ఆ లెక్క ఇలా. మన దగ్గర దొరికే యాంప్యూల్‌లో సాధారణంగా 0.6 మి.గ్రా. ఉంటుంది. రోగి రాగానే 3 యాంప్యూల్స్, అంటే 1.8 మి.గ్రా. ఐదు నిమిషాలకు చూడాలి. మెరుగు లేకపోతే రెట్టింపు, 6 యాంప్యూల్స్. ఇంకో ఐదు నిమిషాలకు 12. ఇంకో ఐదు నిమిషాలకు 24. పావుగంటలో 45 యాంప్యూల్స్ అవుతాయి, 27 మి.గ్రా. తీవ్రమైన కేసులో ఇది అసాధారణం కాదు. ట్రేలో పది యాంప్యూల్స్ ఉంటే రెండో డోసు అయ్యాక ఒకటి మిగులుతుంది. అక్కడి నుంచి ఫార్మసీకి మనిషి పరుగు, అర్ధరాత్రి అయితే తాళంచెవి కోసం వెతుకులాట. అందుకే క్యాజువాల్టీలో పురుగుమందు ట్రే అని విడిగా ఒకటి ఉండాలి. అందులో కనీసం 50 అట్రోపిన్ యాంప్యూల్స్, 20 మి.లీ. సిరంజిలు, యాంప్యూల్ కోసే బ్లేడు, సక్షన్ గొట్టాలు ఉండాలి. 24 యాంప్యూల్స్‌ను ఒక్క నర్సు పగలగొట్టి సిరంజిలోకి లాగేసరికి ఐదు నిమిషాలు దాటిపోతాయి. ఒకరు పగలగొడుతుంటే ఇంకొకరు లాగాలి. ఎక్కువ మందు ఉన్న పెద్ద వయల్స్ దొరికితే మేలే, కానీ వయల్ మీద ఒక మి.లీ.కి ఎన్ని మి.గ్రా. అని రాసి ఉందో ఇద్దరు చదివి చూసుకున్నాకే లాగాలి. పొరపాట్లు జరిగేది అక్కడే.

ఎక్కడ ఆపాలన్నది డోసు కంటే ముఖ్యం. చూడాల్సినవి ఐదు: స్టెతస్కోప్ పెడితే ఊపిరితిత్తుల్లో గురగుర లేకపోవడం, నాడి 80 దాటడం, పై బీపీ 80 దాటడం, చంకలు పొడిబారడం, కంటిపాపలు సూదిమొన స్థితి నుంచి పెద్దవడం. వీటిలో మొదటిదానికే మొదటి పీట. కంటిపాపలు అన్నిటికంటే ఆలస్యంగా మారవచ్చు కాబట్టి వాటి కోసమే డోసులు పెంచుకుంటూ పోకూడదు. నాడి 120 ఉందని అట్రోపిన్ ఆపేయడం ఇంకో పొరపాటు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆక్సిజన్ అందకపోయినా నాడి పరుగెత్తుతుంది. ఛాతీ వినకుండా నాడి ఒక్కటే చూసి నిర్ణయించకూడదు.

అదుపులోకి వచ్చాక, అప్పటిదాకా ఇచ్చిన మొత్తంలో 10 నుంచి 20 శాతాన్ని గంటకు ఎక్కించాలి. 27 మి.గ్రా. పట్టినవారికి గంటకు 2.7 నుంచి 5.4 మి.గ్రా. అన్నమాట. ఆ తర్వాతి ప్రమాదం ఎక్కువైపోవడం. రోగి కలవరింతలు పెడతాడు, మంచం మీద దుప్పటి పీకుతాడు, ఒళ్లు కాలిపోతుంది, పేగుల చప్పుడు ఆగిపోతుంది, మూత్రం బిగిసిపోతుంది. అప్పుడు అరగంట నుంచి గంట ఆపి, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు అంతకుముందు వేగంలో ముప్పావు వంతుకు తగ్గించాలి. మన ఊళ్లలో ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. అట్రోపిన్ చెమటను ఆపేస్తుంది. మే నెలలో, ఫ్యాను తిరగని వార్డులో, మంచానికి చేతులు కట్టేసి పెనుగులాడుతున్న రోగికి జ్వరం 41 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే, అది పురుగుమందు చేసిన పని కాకపోవచ్చు. టెంపరేచర్ గంటకోసారి రాయాలి.

కడుపు కడగడం గురించి. మనిషి రాగానే ముక్కులోంచి గొట్టం వేసి బకెట్లతో కడగడం చూసేవారికి వైద్యం జరుగుతున్నట్టు కనిపిస్తుంది. మందు తాగి గంట, రెండు గంటలు దాటాక దానివల్ల మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదు. స్పృహ లేని మనిషికి శ్వాసనాళం కాపాడకుండా కడిగితే పురుగుమందూ అందులోని ద్రావకమూ ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అట్రోపిన్ మొదట, ఊపిరి మొదట. కడగడం ఆ తర్వాతే, అదీ అవసరమైతేనే. శ్రీలంకలో 4,632 మందితో చేసి 2008లో వెలువరించిన పరిశోధనలో విషాన్ని పీల్చుకుంటుందని ఇచ్చే బొగ్గు పొడి పదేపదే తాగించినా మరణాలు తగ్గలేదు.

అట్రోపిన్‌తో పాటు వాడే ఇంకో విరుగుడు ప్రాలిడాక్సిమ్ విషయంలో మాత్రం పరిశోధనలే ఒక మాట మీద లేవు. 2006లో మహారాష్ట్ర నుంచి వచ్చిన 200 మంది పరిశోధనలో పెద్ద మోతాదులో నిరంతరంగా ఎక్కించినవారిలో మరణాలు బాగా తక్కువ. 2009లో శ్రీలంక నుంచి వచ్చిన 235 మంది పరిశోధనలో ప్రాలిడాక్సిమ్ ఇచ్చినవారిలో 24.8 శాతం, ఇవ్వనివారిలో 15.8 శాతం చనిపోయారు. ఏ మందు, ఎంత తాగారు, ఎంత త్వరగా చేర్చారు అన్నవాటి మీద ఫలితం మారుతుందని అర్థం చేసుకోవచ్చు. గోడ మీద పెట్టే కాగితంలో ఇలాంటి చోట ‘ఖాయంగా తేలలేదు, సీనియర్ నిర్ణయం’ అని దాపరికం లేకుండా రాయాలి. తేలినదాన్నీ తేలనిదాన్నీ ఒకే గొంతుతో చెబితే, జూనియర్లు రెంటినీ నమ్మడం మానేస్తారు.

రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా ఇంకో గండం ఉంటుంది. అప్పటికి రోగి లేచి కూర్చుని, బంధువులతో మాట్లాడి, ఇంటికి ఎప్పుడు పంపుతారని అడిగి ఉంటాడు. ఆ స్థితిలో మెడ కండరాలు, ఊపిరి కండరాలు చచ్చుబడిపోతాయి. దీన్ని 1987లోనే శ్రీలంక వైద్యులు వర్ణించారు. పట్టుకోవడానికి పరికరమేమీ అక్కర్లేదు. నాలుగు గంటలకోసారి నర్సు వెళ్లి ‘తలగడ మీంచి తల ఎత్తు’ అనాలి, ‘ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి ఎంతదాకా లెక్కపెట్టగలవో లెక్కపెట్టు’ అనాలి. నిన్న ఇరవై దాకా వెళ్లినవాడు ఇవాళ ఎనిమిది దగ్గర ఆగితే వెంటిలేటర్ సిద్ధం చేసుకోవాలి. కేస్ షీటులో ఈ రెంటికీ రెండు గళ్లు గీస్తే చాలు. గడి ఉంటే నర్సు నింపుతుంది. గడి లేకపోతే ఎంత మంచి నర్సుకైనా తీరిక దొరకదు.

ఐసీయూకి వస్తే, వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఒక్కో శ్వాసకు ఎంత గాలి పంపాలన్నది 2000లోనే తేలింది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని నీరు చేరే జబ్బు (ఏఆర్‌డీఎస్) ఉన్న 861 మందిపై చేసిన అమెరికా పరిశోధనలో కిలోకు 12 మి.లీ. ఇచ్చినవారిలో 39.8 శాతం, 6 మి.లీ. ఇచ్చినవారిలో 31 శాతం చనిపోయారు. పదహారేళ్ల తర్వాత, 2016లో, 50 దేశాల్లోని 459 ఐసీయూలలో చూస్తే ఈ ఊపిరితిత్తుల జబ్బును డాక్టర్లు గుర్తించింది 60 శాతం మందిలోనే. ఊపిరితిత్తుల మీద పడే ఒత్తిడిని కొలిచింది 40 శాతం మందిలోనే. బోర్లా పడుకోబెట్టడం వల్ల మేలు జరుగుతుందని 2013లో తేలినా, బాగా తీవ్రమైనవారిలో అలా పడుకోబెట్టింది 16 శాతాన్నే. డబ్బున్న దేశాలనూ కలుపుకున్న లెక్క ఇది. కాబట్టి మన ఒక్కరి లోపం అనుకోనక్కర్లేదు, అలాగని వదిలేయనూ కూడదు.

ఇక్కడ అడ్డుపడేది చాలా చిన్న వస్తువు. కిలోకు 6 మి.లీ. అన్నప్పుడు ఆ కిలో రోగి ఒంటి బరువు కాదు, ఎత్తును బట్టి వేసే లెక్క. ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని అందులోంచి 152.4 తీసేయాలి. మిగిలినదాన్ని 0.91తో గుణించి, మగవారికి 50, ఆడవారికి 45.5 కలపాలి. 152 సెంటీమీటర్ల ఎత్తున్న ఆవిడకు ఇది దాదాపు 45 కిలోలు వస్తుంది, గాలి 270 మి.లీ. మెషిన్‌ను 450 మి.లీ. దగ్గర వదిలేస్తే కిలోకు 10 మి.లీ. పోతున్నట్టు. ఆవిడ లావుగా ఉంటే చూసేవారికి అది తక్కువే అనిపిస్తుంది. లావైన మనిషికైనా ఊపిరితిత్తుల పరిమాణం పెరగదు కదా. కాబట్టి ప్రతి మంచానికీ ఒక టైలర్ టేపు కట్టాలి. పడుకున్న మనిషినే నడినెత్తి నుంచి మడమ దాకా కొలిచి, ఆ ఎత్తూ దానికి తగిన గాలీ వెంటిలేటర్ మీద తెల్ల ప్లాస్టర్ అంటించి రాయాలి. టేపు ఖరీదు ఎంతో అందరికీ తెలుసు. గాలి తగ్గించినప్పుడు శ్వాసల సంఖ్య పెంచాలన్నది మర్చిపోకూడదు. లేకపోతే కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోయి, ‘ఈ పద్ధతి మన రోగులకు పడదు’ అన్న అపవాదు పద్ధతి మీద పడుతుంది.

పాముకాటు గురించి ఒక్క మాట. రక్తపింజరి కాటుకు రక్తం గడ్డకట్టడం ఆగిందా లేదా అని చూసే పరీక్షకు 2 మి.లీ. రక్తం, ఒక గాజు గొట్టం, 20 నిమిషాలు చాలు. కదపకుండా ఉంచి, 20 నిమిషాలకు ఒక్కసారి వంచి చూడాలి. గొట్టం కొత్తది, పొడిగా ఉన్న గాజుది కావాలి. సబ్బుతో కడిగి ఆరబెట్టిందైనా, ప్లాస్టిక్‌దైనా రక్తం మామూలుగా ఉన్నా గడ్డకట్టకపోవచ్చు. అప్పుడు అవసరం లేనివారికి పది వయల్స్ విరుగుడు పోతుంది. ఇప్పుడు సరఫరా అయ్యేవి ఎక్కువగా ప్లాస్టిక్ గొట్టాలే కాబట్టి, గాజు గొట్టాలకు విడిగా ఇండెంట్ (సరఫరా కోరే చీటీ) పెట్టాలని ఎవరికో ఒకరికి పని అప్పగించకపోతే ఆ పరీక్షే తప్పుదారి పట్టిస్తుంది.

పరిశోధన అంటే కొత్తది మొదలుపెట్టడమే అనుకుంటాం. పాతది ఆపడం కూడా పరిశోధన చెప్పిందే. తలకు దెబ్బ తగిలినవారికి వాపు తగ్గుతుందని స్టెరాయిడ్లు ఇవ్వడం దశాబ్దాలపాటు నడిచింది. 2004లో 10,008 మందితో చేసిన పరిశోధనలో రెండు వారాల్లో స్టెరాయిడ్ ఇచ్చినవారిలో 21.1 శాతం, ఇవ్వనివారిలో 17.9 శాతం చనిపోయారు. ఐసీయూ రోగుల షుగరును 81-108 మధ్య బిగించి ఉంచాలన్న ఉత్సాహం 2009లో 6,104 మంది పరిశోధనతో చల్లారింది. బిగించినవారిలోనే మరణాలు ఎక్కువ. ఎక్కడైనా ఇవి ఇంకా సాగుతుంటే ఇవాళే ఆపవచ్చు, పైసా ఖర్చు లేదు.

సెలైన్ విషయం ఇంతకంటే సున్నితం. 2011లో ఆఫ్రికాలో 3,141 మంది జ్వరపు పిల్లలతో చేసిన పరిశోధనలో, గబగబా సెలైన్ ఎక్కించినవారిలో ఎక్కించనివారి కంటే మరణాలు పెరిగాయి. 2017లో జాంబియాలో ఇన్ఫెక్షన్‌తో బీపీ పడిపోయిన పెద్దవారికి ఎక్కువ ద్రవాలు, బీపీ పెంచే మందులు ఇస్తే 48 శాతం, మామూలు పద్ధతిలో 33 శాతం చనిపోయారు. వెంటిలేటర్లు, ఐసీయూ మంచాలు అంతంతమాత్రంగా ఉన్నచోట ఒంట్లో నీరు ఎక్కువైతే దించే దారి ఉండదు. మన తాలూకా ఆస్పత్రులు ఏ గాటన ఉన్నాయో నిజాయితీగా చూసుకోవాలి. సెలైన్ వద్దని మేం అనడం లేదు. అర లీటరు ఎక్కించి, వేలి చివర పది సెకన్లు నొక్కి వదిలి, రంగు తిరిగి రావడానికి ఎన్ని సెకన్లు పడుతోందో చూడమంటున్నాం. మూడు సెకన్లు దాటితే రక్తప్రసరణ ఇంకా కుదుటపడలేదు. ఛాతీ విని, ఊపిరి వేగం చూసి అప్పుడు తర్వాతి అర లీటరు సంగతి ఆలోచించాలి. మన పల్లెల్లో నీరసం అంటే సెలైన్ అన్న అలవాటు ఎంత బలమైందో తెలుసు కాబట్టే ఇంత చెప్పాల్సి వస్తోంది.

‘ఇవన్నీ విదేశీ పరిశోధనలు, మన రోగులు వేరు’ అన్న మాట తరచుగా వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది. జాంబియా అనుభవం చెప్పేది అదే: ఒకచోట పనిచేసింది ఇంకోచోట పనిచేయకపోవచ్చు. కానీ పైన రాసినవాటిలో రక్తస్రావం పరిశోధనలో ఏ ఒక్క దేశంతో పోల్చినా మనవాళ్లే ఎక్కువ. పురుగుమందు పరిశోధనలన్నీ మన పక్క దేశాలవీ, మన దేశానివీ. కాబట్టి ఈ మాట సాకుగా కాక, ప్రశ్నగా వాడుకుందాం: ఆ పరిశోధనలో రోగులు ఎవరు, ఎన్ని గంటలకు చేరారు, అక్కడ ఏ వసతులున్నాయి?

ఇక ఇవి మంచం దాకా ఎలా వస్తాయి? సర్క్యులర్ పంపితే రావు. సదస్సు పెడితే రావు. బ్రెజిల్‌లో 118 ఐసీయూలలో రోజువారీ చెక్‌లిస్టు పెట్టి చూసి 2016లో ఫలితం చెప్పారు, మరణాలు తగ్గలేదు. అంతకు పదేళ్ల ముందు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 103 ఐసీయూలలో పెద్ద సిరల్లో గొట్టం వేసే పనికి ఐదు నియమాలు పెడితే ఇన్ఫెక్షన్లు బాగా పడిపోయాయి: చేతులు కడగడం, ఒళ్లంతా కప్పే గౌనూ గుడ్డలూ, చర్మం శుభ్రం చేయడానికి క్లోర్‌హెక్సిడిన్ మందు, తొడ దగ్గర వీలైనంతవరకు వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. అక్కడ కాగితం ఒక్కటే ఇవ్వలేదు. సామానంతా ఒకే బండి మీద సర్దారు. నియమం తప్పితే డాక్టరునైనా ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు. ప్రతి నెలా ఇన్ఫెక్షన్ల లెక్క ఆ ఐసీయూ వాళ్లకే చూపించారు. మన దగ్గర అన్నిటికంటే కష్టమైనది మధ్యలోది. సీనియర్ ప్రొఫెసర్‌ను స్టాఫ్ నర్సు ‘సార్, గౌను’ అని ఆపగలగాలంటే, ఆ మాట అనమని ముందుగా ఆ ప్రొఫెసరే అందరి ముందూ చెప్పి ఉండాలి.

మా సూచన ఇది. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆస్పత్రులు, మంగళగిరి ఎయిమ్స్, విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం, ప్రైవేటు ఐసీయూల ప్రతినిధులు అందరూ నలభై కిలోమీటర్ల లోపే ఉన్నారు. రాష్ట్రంలో ఇంతటి సౌలభ్యం అన్నిచోట్లా ఉండదు. ఒకేసారి పది మార్పులు పెట్టుకోకుండా, మొదటి ఆరు నెలలూ పురుగుమందు కేసు ఒక్కటే తీసుకోవాలి. ఒకే ఒక్క పేజీ, తెలుగులో, డోసులు యాంప్యూల్స్ లెక్కలో రాయాలి. దాని మీద విభాగాధిపతి సంతకం, తేదీ, మళ్లీ ఎప్పుడు సరిచూస్తారో ఆ తేదీ ఉండాలి. లక్షణాలు స్పష్టంగా ఉంటే మొదటి 3 యాంప్యూల్స్ డ్యూటీ డాక్టరు వచ్చేలోపే నర్సు ఇవ్వవచ్చని అదే కాగితంలో రాతపూర్వకంగా ఉండాలి. హౌస్ సర్జన్లు మారుతూనే ఉంటారు కాబట్టి, పోస్టింగ్ మొదటి రోజే పావుగంట ఆ ట్రే ముందు నిలబెట్టి చేయించి చూపాలి. స్లైడ్లు అక్కర్లేదు.

ప్రతి నెలా మొదటి సోమవారం చివరి 21 కేస్ షీట్లు తీయాలి. ఒక్కో దానిలో రోగి వచ్చిన సమయం, మొదటి అట్రోపిన్ సమయం, ఊపిరితిత్తులు శుభ్రపడిన సమయం రాసుకోవాలి. సగటు తీయవద్దు, ఒక్క కేసులో నాలుగు గంటలు పడితే సగటు చెడిపోతుంది. రోగి వచ్చినప్పటి నుంచి ఊపిరితిత్తులు శుభ్రపడేదాకా పట్టిన నిమిషాలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా రాసి, 11వ సంఖ్యను క్యాజువాల్టీ గోడ మీద పెద్ద అక్షరాల్లో రాయాలి. మరణాల లెక్కతో మొదలుపెట్టవద్దు. ఒక ఆస్పత్రిలో నెలకు వచ్చే కేసుల్లో అవి అటూ ఇటూ ఊగుతాయి, దేనివల్ల ఊగాయో చెప్పలేం. నిమిషాలు అలా కాదు. ఆలస్యమైన కేసు దగ్గర ‘ఎవరు’ అని అడిగితే మరుసటి నెల నుంచి కేస్ షీటులో సమయాలు రాయడం ఆగిపోతుంది, లేదా అందంగా మారిపోతుంది. ‘ఎక్కడ ఆగింది’ అని అడగాలి. తాళంచెవి దగ్గరా, యాంప్యూల్స్ అయిపోయాయా, నర్సు ఒక్కతే ఉందా? ఒక నెలకు ఒక్క కారణం సరిచేస్తే చాలు.

ఆరోగ్య శాఖ వారు చేయగలిగినవి మూడున్నాయి. అట్రోపిన్, ట్రానెగ్జామిక్ యాసిడ్ క్యాజువాల్టీలో ఎన్ని తగ్గితే ఇండెంట్ పెట్టాలో కనీస సంఖ్య ఖాయం చేయడం. 108 వాహనాల్లో ప్రమాదం సమయం, మొదటి డోసు సమయం రాసే చీటీ పెట్టడం. ఈ నెలవారీ లెక్కను తనిఖీల్లో శిక్షకు వాడబోమని రాతపూర్వకంగా హామీ ఇవ్వడం. మూడోది లేకపోతే మొదటి రెండూ ఎక్కువకాలం నిలవవు.

మీ పాఠకులకు కూడా ఒక విన్నపం. పైన రాసిన మోతాదులు ఆస్పత్రి కోసం, ఇంట్లో ప్రయత్నించేవి కావు. ఇంట్లో చేయాల్సింది వేరు. పురుగుమందు తాగినవారికి ఉప్పునీళ్లు తాగించి కక్కించవద్దు. ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించి అరగంట పోగొట్టవద్దు. మందు పడిన బట్టలు తీసేసి, చేతులకు కవర్లు తొడుక్కుని ఒళ్లు సబ్బుతో కడిగి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఖాళీ డబ్బాను కవర్లో వేసి వెంట తీసుకురండి, తేలేకపోతే లేబుల్ ఫోటో తీయండి. ఎన్ని గంటలకు తాగారో, ఎన్ని గంటలకు ప్రమాదం జరిగిందో, ఎన్ని గంటలకు పాము కరిచిందో ఆ సమయాన్ని ఫోన్‌లోనో చేతి మీద పెన్నుతోనో రాసుకోండి. క్యాజువాల్టీలో అడుగుపెట్టగానే, మిగతా కథంతా తర్వాత, ముందు ఆ సమయం చెప్పండి.

ఇట్లు,
విజయవాడ, గుంటూరు అత్యవసర, ఐసీయూ విభాగాల్లో పనిచేస్తున్న కొందరు వైద్యులు, నర్సులు